అన్నం మీద పళ్ళెం

మా ఆయనకి తెలియనిది లేదు. అదే నా కష్టం. కాఫీ ఎలా ఉందండీ అంటే, కాఫీ ఏయే దేశాల్లో పండుతుందో చెబుతారు. హైస్కూల్లో సోషల్ మాస్టారు. పేరు ఎబినేజర్. ఆయన బడికెళ్ళాక ఇంట్లో మాట్లాడేది కుక్కరొక్కటే. అదీ మూడుసార్లే.

నేనూ బి.ఏ. చదివాను. ఆయన దిద్దిన పేపర్లలో మార్కులు కూడడానికి ఆ చదువు పనికొస్తోంది. కూడుతూ జవాబులు కూడా చదువుతాను. నాకొచ్చే ఉత్తరాలు అవే.

ఆటుపోట్ల గురించి తొమ్మిదో తరగతి మాధురి ఇలా రాసింది: “అమావాస్యనాడు పొద్దున్న నీళ్ళు రేవు మెట్లెక్కుతాయి. మధ్యాహ్నానికి బాగా దిగిపోయి, జనాన్ని ఏరు దాటించే పంటు ఇసుకలో ఆగిపోతుంది. మా నాన్న పని పంటు మీదే. అమ్మ అన్నం మీద పళ్ళెం మూసి రేవు వైపు చూస్తూ కూర్చుంటుంది.”

పక్కన ఎర్ర సున్నా. ఆ నాలుగు మార్కులూ పోయి సోషల్ తప్పింది. సిగ్గుపడి వారంగా బడికి రావడం లేదట.

“పిల్ల తెలిసే రాసిందండీ. ఆ మార్కులేసేయకూడదా?”

“చంద్రుడి ఆకర్షణ ఏదీ? పాఠంలో అన్నం ఎక్కడుంది అమ్మాజీ?”

“ఆయ్,” అన్నాను. ఒప్పుకోనప్పుడు కూడా నేననేది అదే.

సోమవారం ఆయన మీటింగుకని పంటు మీద ఏరు దాటి నరసాపురం వెళ్ళడానికి బయల్దేరారు. భోజనానికి వచ్చేస్తానన్నారు.

“ఇవాళ అమావాస్య కదండీ.”

“అవును. సూర్యుడూ చంద్రుడూ భూమికి ఒకే వైపుంటారు,” అంటూ చెప్పులేసుకున్నారు.

నేనింకేం చెప్పలేదు. అడక్కుండా చెప్పడం మా ఇంట్లో ఆయన పని.

ఒంటిగంటకి అన్నం మీద పళ్ళెం మూసి గుమ్మంలో కూర్చున్నాను. రెండయింది, మూడయింది. ఇరవై రెండేళ్ళుగా ఇలాగే కూర్చుంటున్నాను. ఆ సంగతి ఒకరు రాయగా చదవడం మాత్రం మొదటిసారి.

అయిదింటికి మోకాళ్ళదాకా బురదతో, చేతిలో చెప్పులతో వచ్చారు.

“పంటు ఇసుకలో ఆగిపోయింది. మూడు గంటలు ఏటి మధ్యలోనే. మాధురి నాన్న గంగరాజే మంచినీళ్ళిచ్చేడు. ‘అమావాస్య కదండీ మాస్టారూ, మీకు తెలీదాండీ’ అన్నాడు.”

కాళ్ళు కడుక్కుని పళ్ళెం తీశారు. చల్లారిన అన్నాన్ని చూశారు. తర్వాత గుమ్మంలో నా పీటని చూశారు.

“ఎప్పట్నుంచి కూర్చున్నావు?”

ఆ ప్రశ్న ఆయన అడగడం ఇదే మొదలు.

“ఒంటిగంట నుంచండీ.”

ఆ అన్నమే కలుపుకుని తిన్నారు. ఆ తర్వాత మాధురి పేపరూ ఎర్రపెన్నూ తెమ్మన్నారు.

“రేపు వాళ్ళింటికెళ్ళి నేనే చెబుతాను,” అన్నారు సున్నా కొట్టేస్తూ. “పిల్ల రాసిందే సరి. నాదే తప్పు, అమ్మాజీ.”