పసుపు రొమ్ము పిట్ట

నేను ఒక బైనాక్యులర్‌ని. పుట్టింది జర్మనీలో, పెరిగింది ఓడ మీద. కాకినాడ రేవులో దిగిన మా కెప్టెన్ కాజాల రుచి మరిగి, నన్నిచ్చి బుట్టెడు కాజాలు పట్టుకుపోయాడు. అదీ నా పరువు.

చేతులు మారి చివరికి రేవు గుమాస్తా పేర్రాజు మెడలో పడ్డాను. రిటైరయ్యాక ఆయనకు పిట్టల పిచ్చి పట్టింది. ఫాల్గుణంలో ఉప్పాడ ఒడ్డున ఉల్లంకి పిట్టలు గుంపులు కట్టి, కడుపునిండా మేసి, ఉత్తరదేశాలకు బయల్దేరతాయి. వాటిని సాగనంపడానికి ఈయన ఎండలో మాడేవాడు.

ఒకరోజు రొప్పుతూ ఇంటికొచ్చి పెళ్ళాన్ని కేకేశాడు. "చంద్రకాంతం! ఉల్లంకికి రొమ్ము మీద పసుపు మచ్చే! లోకంలో ఎవరూ చూళ్ళేదు!"

ఎవరూ ఎందుకు చూళ్ళేదో నాకు తెలుసు. ముందురోజు ఆవిడ పప్పులో పసుపేసి, ఆ చేత్తోనే నన్ను బల్ల మీంచి తీసింది. ఆ వేలిముద్ర నా కంటికి అంటుకుంది. ఆయన నన్ను పడవల వైపు తిప్పి ఉంటే పడవలకీ పసుపు రొమ్ములే కనిపించేవి. పిట్టల పిచ్చోడు పడవలెందుకు చూస్తాడు? చెబుదామంటే నాకు కళ్ళేగానీ నోరు లేదు.

ఆయన ఊరంతా టముకు వేశాడు. పక్షి సంఘం అధ్యక్షులు సోమయాజులు గారు ఆదివారం వచ్చి చూస్తామన్నారు. అధ్యక్షులేగానీ వారికి సొంత బైనాక్యులర్ లేదు. పిట్ట కనిపిస్తే దానికి పేర్రాజు పేరు పెడతారట. కనిపించకపోతే ఈయన కాకినాడలో తలెత్తుకోలేడు.

మొగుడి పరువు నిలబడాలని, ఆదివారం పొద్దున్నే చంద్రకాంతం నన్ను తడిగుడ్డతో శుభ్రంగా తుడిచింది. పాపం, ప్రేమతోనే తుడిచింది.

ఒడ్డున పేర్రాజు నన్నెత్తి చూశాడు. అన్నీ తెల్ల రొమ్ములే. నన్ను దించి మళ్ళీ ఎత్తాడు. నాకు జాలేసింది.

"ఏదండీ మీ పిట్ట? ఓసారిలా ఇవ్వండి," అంటూ సోమయాజులు గారు చెయ్యి చాపారు.

అంతలో మంద మొత్తం లేచింది. సముద్రం మీద ఒక్క చుట్టు తిరిగి ఉత్తరానికి సాగిపోయింది. ఎన్ని సముద్రాలు తిరిగినా అంత అందం నేను చూడలేదు. వాళ్ళిద్దరూ మాత్రం ఆ అందాన్ని చూడనేలేదు.

"అయ్యో, ఇప్పుడే వెళ్ళిపోయిందండీ! అదిగో, ముందు పోయేది అదే!" అన్నాడు పేర్రాజు, ఊపిరి పీల్చుకుంటూ.

ఇంటికొచ్చాక తీగ మీద ఆరేసిన గుడ్డకు పసుపు మరక చూసి, ఓసారి గుడ్డనీ, ఓసారి నా కళ్ళనీ చూశాడు. తర్వాత నన్ను మేకుకు తగిలించాడు. ఏడాదంతా అక్కడే ఉన్నాను.

మళ్ళీ ఫాల్గుణం వచ్చింది. ఈసారి పిట్టలు కదలకముందే వస్తామని సోమయాజులు గారు కబురు పెట్టారు. పేర్రాజు నన్ను మేకు మీంచి తీసి, నెమ్మదిగా వంటింట్లోకి నడిచాడు.

"పప్పులో పసుపేశావా?"

"ఇప్పుడే వేశానండి. ఏం?"

"అయితే చెయ్యి కడుక్కోకు. ఇదోసారి పట్టుకో."