కోడికాలు గుర్తు

ఛాంబరు తలుపు సగం తెరిచి, మఫ్లరు చెవుల మీదికి లాక్కుని, బుడే నీలిరంగు డబ్బాలో కుంచె తిప్పుతున్నాడు. తిప్పడం ఆపితే లోపలి చలికి రంగు గడ్డకడుతుంది. వినాయకచవితి వెళ్లాక, మాసిపోయిన గుర్తుల మీద మళ్లీ దిద్దడం అతను ఏటా చేసే పని.

నల్లపాడు దగ్గరి ఆ కోల్డ్ స్టోరేజీలో మిరపకాయ బస్తాల మీద గుర్తులు వేయబట్టి ముప్ఫై ఒక్క ఏళ్లు. కళ్లు దురదపెడితే మోచేతి మడతతో రుద్దుకుంటాడు. చేతుల్లో ఘాటు అంతగా ఇంకిపోయింది. పెళ్లయిన కొత్తలో కరీమున్ అతని చేతులు మూడుసార్లు కడిగిస్తేగానీ కంచం పెట్టేది కాదు. ఆమె పోయి ఆరేళ్లయినా మూడుసార్లు కడగడం మానలేదు. నలుగురితో కలిసి టీ తాగడం మాత్రం ఎప్పుడో మానేశాడు. నోరు విప్పితే చురకే. ఆ గోడల మధ్య అతనంటే ఇష్టమున్నవాళ్లు లేరు. అతనికీ ఎవరూ ఇష్టం లేదు.

తాడేపల్లి ఆఫీసు నుంచి బిందుమాధవి అనే అమ్మాయి వారంగా వస్తోంది. యజమానికి మూడు కోల్డ్ స్టోరేజీలు. మూడింటి వివరాలూ ఒకేచోట పేర్చి, ఎవరు ఏ రిపోర్టు తీసినా అక్కణ్నుంచే వచ్చేట్టు చేయడం ఆమె పని. ఆమె కంప్యూటరు తెర నిండా గళ్లు, గళ్ల మధ్య గీతలు. ఒక గడి రైతుల టేబులు, ఒకటి బస్తాల టేబులు, ఒకటి ఛాంబర్ల టేబులు. గీతకు ఒక చివర ఒకటి అంకె, రెండో చివర నక్షత్రం, అంటే ఇటు ఒక్కరికి అటు ఎన్నైనా ఉండొచ్చని. బుడే చదివింది ఊళ్లో అయిదో క్లాసు. తెర వైపు చూడనట్టే చూసేవాడు. మూడో రోజున అడిగాడు.

"రైతులకీ బస్తాలకీ మధ్య గీతుందే, దానికేంది రెండు చివర్లా నక్షత్రమే?"

"ఒకటి పెడితే ఒప్పుకోవట్లేదండీ. బస్తాల టేబుల్లో పేర్లు లేవు, అందుకని ఆ రెంటినీ ఫోన్ నంబరుతో కలిపాను. రైతుల్లో ఒకే నంబరు ఇద్దరు ముగ్గురికి ఉంది. ఇలా పెడితే ఒప్పుకుంది."

"ఒప్పుకుంటే సరిపోద్దా?"

"కింద మొత్తం కరెక్టుగానే వస్తోంది కదండీ."

బుడే తన పనిలోకి వెళ్లిపోయాడు. అనాల్సింది ఉంది. లారీ గేటుకొస్తే, డ్రైవరు పక్కన కూర్చొచ్చినవాడి నంబరే ఆ లారీలో సరుకున్న అందరి పేర్ల పక్కనా రాయడం అతను పెట్టిన అలవాటే. సరుకు తీసేటప్పుడు చూసేది బస్తా మీది గుర్తుని, నంబరు ఎవడిక్కావాలి? రైతుకొక గుర్తు, ఏటా అదే గుర్తు. వాటన్నిటినీ ఒక చెక్కపలక మీద వేసి తలుపు పక్కన తగిలించాడు. అమ్మాయి అడిగితే చెబుదామనుకున్నాడు. ఆమె అడగలేదు. అతనూ చెప్పలేదు.

ఇవాళ పదకొండింటికి లారీ వచ్చి నిలబడింది. వెంట వినుకొండ వైపు రైతు రామాంజనేయులు. సరుకు అమ్మాడట. మేనేజరు సంజీవరావు రిపోర్టు కాగితం తెచ్చి బుడే ముఖం ముందు ఆడించాడు.

"నూట నాలుగు బస్తాలు. తీయించు."

"నలభై."

"ఏంది?"

"ఈయనవి నలభై. గుండ్రంలో చుక్క. తక్కిన అరవై నాలుగూ వాళ్లూరి సుబ్బరావమ్మవి. కోడికాలు గుర్తు."

రామాంజనేయులు లారీ టైరు వైపు చూస్తూ అన్నాడు. "కంప్యూటర్లో నా పేరు మీదుంటే నావి కాకుండా పోతయ్యా సాయిబూ?"

"నువ్వేసింది ఎకరం. నూట నాలుగు బస్తాలు యాడ కాసినయ్, నీ మిద్దె మీదా?"

బస్తాలెత్తే ముఠా కూలీలు నవ్వారు. సంజీవరావు మొహం కందగడ్డయింది. "నీ పిచ్చిగీతలు చూసి సరుకిచ్చే రోజులు పోయినయ్. తప్పుకో."

బుడే తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

ముఠా మేస్త్రీ సిలార్ దగ్గరికొచ్చాడు. "బుడే భాయ్, లారీ ఆగిపోయింది. మనకెందుకు చెప్పు?"

"నీకెందుకులేరా. నీది ఎత్తి దించే భుజం. అక్కడ ఆమె ఏడాది చాకిరీ ఉంది."

"సరే, ఆవిడ్నే అడుగుదాం. ఇదుగో నంబరు" అని సంజీవరావు కాగితంలో చూసి ఫోన్ కలిపాడు, అందరికీ వినబడేట్టు స్పీకరు పెట్టాడు.

రామాంజనేయులు చొక్కా జేబు మోగింది.

అతను జేబు మీద అరచెయ్యి నొక్కిపట్టాడు. చేతి కింద మోగుతూనే ఉంది. కాసేపటికి దానంతటది ఆగిపోయింది.

వెనక నిలబడ్డ బిందుమాధవి చేతిలోని ల్యాప్‌టాప్ చూసుకుంది. "సుబ్బరావమ్మ పేరు కిందా నూట నాలుగే చూపిస్తోంది. నంబరొకటే కావడంతో ఇద్దరికీ అవే బస్తాలు."

"విన్నారుగా, నలభైయే" అన్నాడు సిలార్ ముఠాతో. గుండ్రం గుర్తువి ఎత్తారు. లారీ సగం ఖాళీగా వెళ్లిపోయింది.

అది గేటు దాటాక సంజీవరావు వెనక్కి తిరిగాడు. "సుబ్బరావమ్మ పేరు పక్కన వాడి నంబరు రాసిందెవరు?"

"నేనే."

"ఎందుకు రాశావ్?"

"ఎప్పుడూ అట్టాగే రాస్తా."

"ఇంతమంది ముందు నన్ను ఎదవని చేసింది నీ రాతేనన్నమాట. రేపట్నుంచి రావద్దు."

బుడే బతిమాలలేదు. పంపు దగ్గర చేతులు మూడుసార్లు కడుక్కున్నాడు. మఫ్లరు మడిచి సంచిలో పెట్టుకున్నాడు. సైకిలు నడిపించుకుంటూ గేటు దాటాక ఎక్కాడు. వెళ్తున్నావా అని అడిగినవాళ్లు లేరు.

మధ్యాహ్నం బిందుమాధవి రెండు నక్షత్రాల గీత చెరిపేసింది. రైతుకొక్కటే అయి, మరొకరికి లేనిదేదో ఉంటేగానీ కొత్త గీత పడదు. అలాంటిది ఈ ఆవరణలో ఒక్కటే ఉందని ఇప్పుడు ఆమెకు తెలుసు. ఛాంబరు దగ్గరికి వెళ్లి పలక చూసింది. చూసి, పరుగున గేటు దగ్గరికి వచ్చింది.

"బుడే గారి ఫోన్ నంబరుందా?"

"ఆయనకి ఫోనెక్కడిదమ్మా" అన్నాడు వాచ్‌మన్. "ఉన్నా, నీకు పలుకుతాడా?"

తలుపు పక్కన మేకుకు పలక వేలాడుతోంది. కోడికాలు, గుండ్రంలో చుక్క, నిచ్చెన, కొడవలి, పందిరిగుంజ. పైనుంచి కిందిదాకా నీలిరంగులో, ఏదీ రెండోసారి రాకుండా. ఒక్క గుర్తు పక్కనా పేరు లేదు.