వెయ్యి మీటర్ల దిగువన

రోమ్ సామ్రాజ్యం కూలడానికి శతాబ్దాలు పట్టింది. వెయ్యి మీటర్ల ఎత్తైనా లేని మా హిండర్‌ఎగ్ ఊళ్లో, స్కీ ఆడేవాళ్లను మంచువాలు పైకి లాగే మా స్కీ లిఫ్టుకు అంత తీరిక లేదు. మంచు నాలుగు చలికాలాలు ముఖం చాటేసేసరికి దాని వైభవం అస్తమించింది.

లిఫ్టు సంఘానికి పద్దెనిమిదేళ్లుగా అధ్యక్షురాలు అన్నెలీస్. వాలును చదును చేసేదీ, టికెట్లు కొట్టేదీ, మోటారు మొరాయిస్తే బతిమాలేదీ ఆవిడే. ఈ మార్చి సభలో కిరీటం దించేయాలని ఆమె నిశ్చయించుకుంది. ఆమె మోకాళ్లు అంతకు ముందే నిశ్చయించుకున్నాయి.

సభకు ప్రాంతీయ కార్యాలయం నుంచి ఫ్లూరిన్ అనే యువ అధికారి వచ్చి, గోడమీద గ్రాఫు గీతలు చూపించాడు.

"రెండు వేల మీటర్ల పైనున్న లిఫ్టులకు జనం ఏటేటా పెరుగుతున్నారు. వెయ్యి లోపున్న వాటికి తగ్గుతున్నారు. మొత్తమ్మీద దేశానికి కంగారేమీ లేదండీ."

"దేశానికి లేదు బాబూ. మరి మాకో?" అంది అన్నెలీస్.

"మీరూ ఆ మొత్తంలోనే ఉన్నారు కదండీ," అని ఓదార్చాడు.

కార్యదర్శి బాల్ట్స్ ఆవేశంగా లేచాడు. "మన పిల్లలు స్కీ నేర్చింది ఈ వాలు మీదే! దీన్ని మూస్తే ఊరుకుంటామా?"

"ఊరుకోం!" అని అందరం గర్జించాం.

"పోయిన ఆదివారం ఎక్కడున్నావ్, బాల్ట్స్?" అడిగింది అన్నెలీస్.

"పైన... అక్కడ మంచుంది కదా. మనసు మాత్రం ఇక్కడే ఉంది."

"మనసుకు టికెట్ కొట్టలేను నాయనా."

నవ్వులు సద్దుమణిగాక అధ్యక్ష ఎన్నిక వంతు వచ్చింది. పోటీ లేనప్పుడు చేతులెత్తకుండా చప్పట్లతో ఎన్నుకోవడం మా సంఘం తాతల నాటి ఆచారం. అన్నెలీస్ బల్ల పట్టుకుని నిలబడింది.

"నా వల్ల కావట్లేదు. అలిసిపోయాను. ఇక మానేస్తున్నా. ఇన్నేళ్లూ మీరు..."

మా కళ్లు చెమ్మగిల్లాయి. కృతజ్ఞత పట్టలేక లేచి నిలబడి, అద్దాలు అదిరేలా చప్పట్లు కొట్టాం. సభ్యుడు కాకపోయినా ఫ్లూరిన్ కూడా కొట్టాడు.

బాల్ట్స్ నియమాల మనిషి. "చప్పట్లతో అన్నెలీస్ తిరిగి ఎన్నికైంది!" అని ప్రకటించాడు.

"మానేస్తున్నానన్నాగా, చెవుడా నీకు?"

"విన్నాను. కానీ అందరూ చప్పట్లు కొట్టేశారుగా. పోనీ, ఇంకెవరైనా ఉంటారా?"

ఆ క్షణాన ఊరి పెద్దలందరికీ పైకప్పు దూలాల పనితనం మీద అపారమైన ఆసక్తి కలిగింది.

అన్నెలీస్ ఒక్కొక్కరి ముఖమూ చూసింది. పైనున్న లిఫ్టుల సీజన్ పాసులు మా కోట్లకు ఇంకా వేలాడుతూనే ఉన్నాయి. మెల్లగా కుర్చీలోకి జారి, వైన్ గ్లాసు దగ్గరికి లాక్కుంది.

"సరే. మంచు పడితే తెరుస్తాను. మీరు మాత్రం రాకండి. ఇంతమందిని ఒక్కసారిగా అక్కడ చూస్తే గుండాగి చస్తాను."

దానికీ చప్పట్లు కొట్టాం.