గట్టు మీది తోటకూర

మిరప చేలో మందు కొడితే లాల్ అహ్మద్ రెండు రోజులపాటు రొయ్యల తొట్టిలో చెయ్యి పెట్టడు. ఎంత సబ్బు అరగదీసినా గోళ్ల సందుల్లో వాసన పోదు. ఆ రెండు రోజులూ మేత వేసే పని భార్య సైదాబీది.

"మనుషులకి లేని మర్యాద వీటికి," అంటూనే వేసేది.

చీరాల నుంచి తెచ్చిన గోరంత ఎర్ర రొయ్యలు అవి. కూరకి రావు, చూసుకోవడానికే. రెండుసార్లు గుడ్లు పట్టాయి గానీ పిల్లలు కాకుండానే పోయాయి. ఈసారి ఒక తల్లి ఇరవై రెండు రోజులుగా గుడ్లని పొట్ట కింద మోస్తోంది. గుడ్డు గుడ్డులోనూ నల్లచుక్కలు తేలాయి. పిల్లల కళ్లవి. ఇంకో వారం ఓపిక పట్టాలి. తామరపురుగు మిరప పూతంతా నాకేశాక, ఈ ఏడు అతను ఆశగా చూస్తున్నది ఆ వారం కోసమే.

ఆ మధ్యాహ్నం నీళ్లు కట్టి వచ్చి తొట్టి ముందు కూలబడ్డాడు. రొయ్యలు పిచ్చిపట్టినట్టు గిరగిరా తిరుగుతున్నాయి. కొన్ని అప్పటికే వెల్లకిలా పడ్డాయి. అడుగున ఉడికిన ఆకు ఒకటి ఉంది.

"ఏం వేశావే?"

"తోటకూర. నువ్వు చెప్పినట్టు ఉడకబెట్టే వేశా."

"ఎక్కడిది?"

"మన గట్టు మీదదే. కలుపు తీసి వస్తా వస్తా ఒడి నిండా కోసుకొచ్చా."

"నిన్న మందు కొట్టానా లేదా?"

"చేలో కొట్టావు. గట్టు మీద కొట్టలేదుగా!"

"గాలి తోలుతుంటే మందు గట్టు దగ్గర ఆగుద్దా?" గొంతు పెంచే ఓపిక కూడా లేదతనికి.

సైదాబీ పొయ్యి వైపు చూసింది. అదే కూర కుతకుతా ఉడుకుతోంది. గిన్నె దించి, పెరట్లో గుంట తీసి పూడ్చి వచ్చింది.

"ఇన్నేళ్లూ తింటానే ఉన్నాంగా," అంది.

తల్లి రొయ్య సన్నటి కాళ్లతో గుడ్లకి నీళ్లు విసురుతూనే ఉంది. చూస్తుండగానే ఆ విసురు నెమ్మదించింది. ఆగింది.

"గుడ్లు ఇంకా బతికే ఉంటాయి. నువ్వు తియ్యి. నా చేతులు పనికిరావు."

"నా చేతులే ముంచినయ్యి. మళ్లీ నన్నంటావేంది?"

"మూడుసార్లు కడుక్కో."

డ్రమ్ములో రెండు రోజులుగా నిలవున్న నీళ్లు బియ్యం కడిగే గిన్నెలో పోసింది. అతను చెబుతుంటే కోడి ఈక మొనతో గుడ్లని ఒక్కొక్కటే విడదీసింది. ఇరవైకి లోపే వచ్చాయి. పల్చటి చున్నీ ముక్కలో వాటిని వదులుగా కట్టి గిన్నెలో వేలాడదీసింది. దాని కింద గాలి మిషను గొట్టం పెట్టింది. బుడగలు తగిలి గుడ్లు మెల్లగా దొర్లడం మొదలుపెట్టాయి.

"బతుకుతాయా?"

"కరెంటు పోకుంటే చూద్దాం."

"మళ్లీ మందెప్పుడు?"

"ఎల్లుండి."

"ఈ వారం ఆపరాదూ?"

"ఆపితే చేనుండదు," అని గోడకి చేరగిలబడి కళ్లు మూసుకున్నాడు.

సైదాబీ గిన్నెనీ మిషన్నీ లోపలి గదిలోకి జరిపి, చేను వైపు కిటికీ మూసి గడియ పెట్టింది.