ఒక రోజు ముందు నడిచే అద్దం

అమీర్‌పేటలో రుద్రమ్మ పార్లరు పొద్దున తొమ్మిదింటికి తెరుచుకునేది. కింద జావా క్లాసుల కరపత్రాలు పంచేవాళ్ల అరుపులు, ఎదురుగా మెట్రో పిల్లర్ల పనుల మోత, మెట్ల దాకా మిర్చీ బజ్జీల వాసన. అక్కడ పని నేర్చుకుంటున్న అర్జూ నేల ఊడ్చి, తువ్వాళ్లు మడిచి, చివరికి పెద్ద అద్దం తుడిచేది. కొన్ని ఇళ్లలో గోడ గడియారం పది నిమిషాలు ముందు నడుస్తుంది కదా, ఈ అద్దం ఒక రోజు ముందు నడిచేది. ఇవాళ నిలబడితే రేపటి మొహం కనపడేది. మధురానగర్ హాస్టల్ పిల్లలు రేపు మొటిమ లేస్తుందేమో చూసుకుని, లేస్తే తిట్టుకుని, పోయేవాళ్లు. అంతకు మించి దాని గురించి ఎవరూ మాట్లాడలేదు.

అర్జూ పనికి మాత్రం అది మస్తు అక్కరకొచ్చేది. రెప్పలకు వెంట్రుకలు అంటించే ముందు, జిగురు ఒంటికి పడుతుందో లేదో చూడ్డానికి చెవి వెనక ఒక చుక్క పెట్టాలి. వేరేచోట ఒక రోజు ఆగాలి. ఇక్కడ అద్దం ముందు నిలబెడితే చాలు, రేపటి ఎరుపు ఇవాళే బయటపడేది.

ఆ రోజు హాస్టల్ పిల్ల సుకన్య ఆయాసపడుతూ వచ్చింది. ఎనిమిది నెలలు క్లాసులకు తిరిగితే బేగంపేటలో ఉద్యోగం దొరికింది.

"రేపు ఐడీ కార్డుకు ఫొటో తీస్తరట అర్జూ. గా మొహమే మెడల ఏండ్లకేండ్లు ఏలాడుతది. నా రెప్పలకు వెంట్రుకలు ఉన్నయో లేవో నాకే తెల్వదు. జల్ది పెట్టు!"

అర్జూకూ తొందరే. ఒంటరిగా చేస్తున్న మొదటి సెట్టు అది. "ఇది మంచిగొస్తే పంజాగుట్టల పెట్టే కొత్త దుకాణం నువ్వే చూసుకోవాలె" అని రుద్రమ్మ మాటిచ్చింది. ఆ సంబరంలో అర్జూ చెవి వెనక చుక్క సంగతే మరిచింది.

రెండు గంటలు ట్వీజర్ ఆడింది. పని ముగిసింది.

"కండ్లు జర మండుతున్నయ్" అంది సుకన్య, పడుకునే ఉండి.

"కొత్త గదా బిడ్డా, అలవాటైతది" అంటూనే రుద్రమ్మ అద్దం వైపు చూసింది. అందులో రేపటి సుకన్య రెప్పలు బూరెల్లా ఉబ్బి ఉన్నాయి. రుద్రమ్మ చప్పుడు లేకుండా అద్దం మీద తువ్వాలు కప్పింది.

"ఏం చేస్తున్నవ్ అక్కా?" అర్జూ గొంతు తగ్గించి అడిగింది.

"ఇయ్యాల మంచిగనే ఉన్నది గదా. రేపటి ఫికర్ రేపు. నీకు పంజాగుట్ట కావాల్నా, వద్దా?"

కావాలి. మాసబ్ ట్యాంక్ నుంచి వచ్చే బస్సులో రోజూ ఆ కొత్త దుకాణం మూసిన షట్టర్ కోసం మెడ తిప్పి చూసే పిల్లకు కాకపోతే ఇంకెవరికి కావాలి?

"కావాలె. గానీ రేపు కండ్లు వాస్తే ఆమె ఎవరిని అడగాలె? నీ తువ్వాలనా?"

ఒక్క గుంజుతో తువ్వాలు కిందపడింది.

"లే సుకన్యా, అద్దం చూడు. తప్పు నాదే. టెస్టు చెయ్యకుంట పెట్టిన."

సుకన్య చూసింది. "అమ్మో, కప్ప లెక్క ఉన్న! గీ మొహం మెడకేసుకొని తిరగాల్నా?"

"తిరగనియ్య. పండుకో. రుద్దకు, చెయ్యి సుత పెట్టకు."

"పంజాగుట్ట మర్చిపో" అంది రుద్రమ్మ వెనక నుంచి. ఆ మాటతో అద్దంలో అర్జూ రేపటి కళ్లు ఏడ్చి ఏడ్చి ఎర్రబడ్డాయి. అర్జూ అటు చూడ్డం మానేసి జెల్ సీసా తెరిచింది.

జిగురు కరిగించే జెల్ సన్నగా రాసి, ఒక్కో వెంట్రుకనూ లాగకుండా జార్చింది. సెలైన్‌తో కడిగింది, చల్లటి గుడ్డ వేసింది. మధ్యమధ్య లేపి అద్దం చూపించేది. బూరెలు పునుగులయ్యాయి. పునుగులు బొబ్బర్లయ్యాయి. ఎడమ కంటి మూల మాత్రం ఒక ఎర్ర జీర పోనంది. వెతికితే అక్కడ ఒక వెంట్రుక దాక్కుని ఉంది. అదీ పోయాక, రేపటి సుకన్య తన పల్చటి రెప్ప వెంట్రుకలతోనే పళ్లన్నీ కనపడేలా నవ్వింది.

"మళ్ల మండితే ఆగకు. కండ్ల డాక్టర్ దగ్గరికి పో. నన్ను తిట్టుకుంటనే పో."

"తిడతనా? తువ్వాల గుంజినవ్ సూడు, హాస్టల్ మొత్తం చెప్త!" సుకన్య మెట్లు దిగుతూనే ఫోన్ తీసింది.

తువ్వాలు మడుస్తున్న రుద్రమ్మ అద్దం చూసి ఆగిపోయింది. అర్జూ రేపటి మొహం మారింది. జుట్టు చెదిరింది, దుపట్టా జారింది, ముక్కు కొసన జిగురు చుక్క, చెవుల దాకా నవ్వు.

"గదేందే, రేపు నీకు దువ్వుకునే తీరిక సుత లేదా?"

లేదు. మర్నాడు హాస్టల్ పిల్లల వరస మెట్లు దిగి బజ్జీల బండి దాకా పోయింది. ప్రతి పిల్లా చెవి ముందుకు వంచి, "ముందు చుక్క పెట్టు అక్కా" అనేదే. సాయంత్రం సుకన్య వచ్చి మెడలో కార్డు ఎత్తి చూపించింది. నిన్న అద్దంలో కనపడ్డ అదే నవ్వు.

రుద్రమ్మ ఆ వరస వైపు ఒకసారి చూసి, పంజాగుట్ట తాళంచెవి తెచ్చి అర్జూ చేతిలో పెట్టింది. "అక్కడ అద్దం మామూలుదే. టెస్టు పెట్టి ఒక రోజు ఆగుమంటే ఎవలన్న ఆగుతరా?"

"నేను చెప్తే ఆగుతరు."

"అక్కా, ముక్కు మీద జిగురు అంటింది" అంది వరసలో ఒక పిల్ల.

"ఎరుకే" అంది అర్జూ, తుడుచుకోకుండానే. "నిన్ననే చూసుకున్న."