కూర్చున్న ఏనుగు, నిలబడ్డ నాయకుడు

మా తాత కొల్లేట్లో తాటిదోనె మీద ఏనుగును దాటించాడు. నమ్మకపోతే మీ ఇష్టం. తాటిమాను తొలిచి చేసిన దోనెలో నిలబడితే ఒరుగుతుందని ఆ ఏనుగుకు కూడా తెలుసు. బుద్ధిగా కూర్చునే దాటింది.

మొన్నటి వరదకు బెజవాడ కాలనీలు మునిగిన రోజున, నా మనవరాలు సత్యశ్రీ నిండు నెలలతో మేడ మీద చిక్కుకుపోయింది. తెల్లవారినప్పటి నుంచి నొప్పులు. నాకు దోనె ఉంది, కొల్లేటి నుంచి అంత దూరం తేవడానికి బండి లేదు. 'మన గడ్డ' పార్టీవాళ్లు లారీ ఇచ్చారు. షరతు ఒకటే. ముందు వాళ్ల నాయకుడు కోటిగారు దోనె ఎక్కి వరద చూడాలి.

దోనె నీళ్లలోకి దిగేసరికి కెమెరాలు సిద్ధం. నాలుగిళ్ల అవతల మేడ మీంచి సత్యశ్రీ అత్త మాణిక్యమ్మ కేక పెట్టింది.

"బాబాయిగారూ, తొందరగా రండి! పిల్ల ఆగేటట్టు లేదు!"

"ఒక్క నిమిషం పెద్దాయనా," అన్నారు కోటిగారు. "ఢిల్లీవాళ్లు మనల్నెలా ముంచారో ముందు జనానికి చెప్పాలి."

"వాన కూడా ఢిల్లీ నుంచే వచ్చిందాండీ?"

"వాన మనదే. వరద వాళ్లది."

"సరే, కూర్చుని చెప్పండి బాబూ. దోనె ఒరుగుద్ది."

"తెలుగువాడు కూర్చుని మాట్లాడటమా!" అంటూ లేచి నిలబడ్డారు.

దోనె ఒక పక్కకు ఒరిగి, ఆయన్ని దింపేసి, మళ్లీ సర్దుకుంది. నేను గెడ కాస్త గట్టిగా నొక్కానని గిట్టనివాళ్లు అంటారు. గుండెలోతు నీళ్లలో కోటిగారు చెయ్యి పైకెత్తి, "పట్టుకోండ్రా!" అని అరిచారు. అనుచరులంతా దూకారు. ఖాళీ దోనె తోసుకుంటూ నేను మేడ దగ్గరికి పోయాను. పొద్దు వాలకముందే సత్యశ్రీకి ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది.

మర్నాడు వన్‌టౌన్ గోడలన్నిటి మీదా ఆ ఎత్తిన చెయ్యే. కింద, 'నిండుచూలాలి కోసం వరదలో దూకిన తెలుగు బిడ్డ'. ఎన్నికల్లో గెలిచారు కూడా. ఇప్పుడా పార్టీవాళ్లు ఎదురుపడితే నమస్కారం పెట్టరు, మునిగేవాడిలా చెయ్యెత్తుతారు.

నిన్న వాళ్ల మనిషి జాన్‌బాబు వచ్చి చెయ్యెత్తాడు.

"తాతా, విజయోత్సవ సభ. దోనె కావాలి. పాపాయి కూడా కావాలి. సారు ఎత్తుకుని దోనెలో నిలబడతారంట."

"దోనె పట్టుకుపో. పిల్లని పంపను."

"అదేంటి తాతా?"

"దానికి కూర్చోవడం మొన్ననే వచ్చిందిరా. మీ సారు దగ్గరికెళ్తే చెడిపోద్ది."