బోర్డు మీద లేని చిప్

బోర్డు పోయిన రోజు పొద్దున్నుంచి ముసురు. బావ స్విచ్ వేశాడు. తెర మధ్య తెల్లటి గీత ఒకటి వచ్చి సన్నబడి ఆరిపోయింది, కాలిన వాసన గదంతా కమ్ముకుంది. అక్క, బావ పెళ్ళికి ముందు కలిసి చేసిన వీడియో ఆటకి మిగిలిన బోర్డు అదొక్కటే. అక్క పోయి ఏడాది దాటింది.

“పోనీలే మరదలా,” అన్నాడు బావ. “నీ ఎమ్యులేటర్ ఉందిగా. తాత పోయినా మనవడు మిగిలాడనుకో.”

చెల్లెలు నవ్వలేదు. పాత బోర్డు చేసే పనంతా మామూలు కంప్యూటర్లో అచ్చుగుద్దినట్టు చేసే ఆ ప్రోగ్రాం ఆమె రాసిందే. దాని కాపీ ఒకటి మ్యూజియంలో కూడా పెట్టారు. ఆట బాగానే నడుస్తోంది, చివరి తెర తప్ప. గెలిచినవాళ్ళకి కనిపించే ఆ తెరలో పైన ఇల్లు, కింద చిందరవందరగా చుక్కలు. అసలు అక్కడ ఏముండాలో చెల్లెలికి తెలియదు. ఆటల్లో ఆమెకి చెయ్యి తిరగదు. “చివరిదాకా ఆడవే, నీకే తెలుస్తుంది,” అని అక్క ఊరించేది. బావనడిగితే, “ఏముంటుంది, చెట్లూ పుట్టలూ,” అనేవాడు.

ఆ చుక్కల సంగతి ఆమె ఎప్పుడో పట్టుకుంది. యంత్రంలో ప్రతి భాగానికీ మెమరీలో కొన్ని చిరునామాలుంటాయి. ఇక్కడ బొమ్మల మెమరీకీ, స్కోరు దాచే చిప్‌కీ కొన్ని చిరునామాలు ఒకటే అయ్యాయి. ఒక ఒరలో రెండు కత్తులు. అలాంటప్పుడు ఎమ్యులేటర్‌లోని చిరునామాల పట్టికలో తర్వాత రాసిన భాగానిదే చెల్లుతుంది. ఆట గీసే బొమ్మంతా స్కోరు చిప్‌లోకి పోతోంది, తెరకి చేరడం లేదు.

ఆ పట్టిక ఇద్దరూ కలిసి చేసిందే. బావ బోర్డుని ఒళ్ళో పెట్టుకుని, మీటరుతో తీగ తర్వాత తీగ పరీక్షించి చెప్పేవాడు, ఆమె టైపు చేసేది.

“పట్టికకేం, బంగారంలా ఉంది,” అన్నాడప్పుడు. “మీ అక్కదే తొందర. చివర్లో లెక్క తప్పి ఉంటుంది. నువ్వే సరిచెయ్యి.”

చెల్లెలు నమ్మింది. అక్క నిజంగానే తొందరమనిషి, ఉడికీ ఉడక్కముందే గిన్నె దించేసే రకం. అందుకని చెల్లెలు అక్క రాసిన ఆట ప్రోగ్రాంలోనే చిరునామాలు మార్చుకుంటూ పోయింది. ఒకచోట మారిస్తే ఇంకోచోట బొమ్మ చెదిరేది. మార్చినప్పుడల్లా అక్క మీద కాస్త విసుక్కునేది కూడా.

బోర్డు పోయాక మళ్ళీ మొదటినుంచి చూద్దామనుకుంది. ఆట నడుస్తున్నంతసేపూ ఏ చిరునామాలో ఎవరు రాస్తున్నారో, ఎవరు చదువుతున్నారో నమోదు చేయించింది. స్కోరు చిప్‌ని ఆట ఒక్కసారి కూడా చదవలేదు. స్కోరు వేరేచోట ఉంది. మరి ఈ చిప్ దేనికి?

కాలిన బోర్డుని కిటికీ దగ్గరకి తీసుకెళ్ళి భూతద్దం పెట్టింది. పట్టిక ప్రకారం ఆ చిప్‌కి వెళ్ళాల్సిన తీగల వెంట వేలు నడిపింది. అన్నీ బొమ్మల మెమరీ దగ్గరే ఆగాయి. ఇంకో చిప్ లేదు. దాన్ని పెట్టడానికి కన్నాలు కూడా లేవు.

పట్టికలో ఆ వరుస తీసేసింది. అక్క ప్రోగ్రాం తాను ముట్టుకోకముందుది వెతికి తెచ్చి నడిపింది. ఇంటి కింద అక్షరాలు నిలబడ్డాయి. కథ, బొమ్మలు, ప్రోగ్రాం అని ఉన్నచోట అక్క పేరు. శబ్దాలు అన్నచోట బావ పేరు.

బావ టీ కప్పులతో వచ్చి, తెర చూసి, కప్పులు మెల్లగా బల్ల మీద పెట్టాడు.

“చిప్ ఏది బావా?”

అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. “మ్యూజియం వాళ్ళు ఇంటికొచ్చినప్పుడు అంతా నేనే చేశాననుకున్నారు. అప్పుడే కాదనాల్సింది. అనలేదు. తర్వాత అక్కడి పలకమీద కూడా నా పేరే చెక్కించేశారు.”

“అందుకని లేని చిప్ చెప్పావు. నాచేతే రాయించావు.”

“మీ అక్కకి పేరు మీద మోజు లేదే. నీకు తెలుసుగా.”

“మోజు లేనిది ఇంత పెద్ద అక్షరాలతో రాసుకుంటుందా?”

బావ తెర వైపు చూడలేదు. “పోయినవాళ్ళతో పోటీ ఏమిటిలే అనుకున్నాను,” అన్నాడు.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని అమ్మ అంటుండేది. చెల్లెలికి బావ మీద కంటే తన వేళ్ళ మీద ఎక్కువ కోపం వచ్చింది. అతను అబద్ధం చెబితే, అక్కది తప్పని నమ్మి దిద్దింది ఈ వేళ్ళే.

“టీ చల్లారిపోతుంది,” అన్నాడు బావ.

“నువ్వు తాగు. మ్యూజియంకి నువ్వు ఫోన్ చేస్తావా, నన్ను చెయ్యమంటావా?”

అతను తన కప్పు తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

చెల్లెలి దగ్గరున్న కాపీలో అక్క పేరు కనిపిస్తోంది. మ్యూజియంలో పెట్టింది పాత కాపీ. అందులో చుక్కలే ఉన్నాయి, పలకమీద బావ పేరే ఉంది. వాళ్ళకి ఇంకా ఎవరూ ఫోన్ చేయలేదు.